దాచుకోవడమా, తినడమా?

సబ్బులకూ నూనెకూ ఇచ్చే డబ్బులు చేతిలో పడిన సాయంత్రం అర్ధవీడు హాస్టల్లో రెండు పార్టీలుండేవి. ఒక పార్టీ నేరుగా బజ్జీల బండి దగ్గరికి, రెండోది ట్రంకుపెట్టె తాళం దగ్గరికి. ఉద్యోగాల్లో పడ్డాక కూడా మేము అవే రెండు పార్టీలుగా ఉన్నాం.

మాకు పొదుపు గురించి చెప్పనివాళ్ళు లేరు. కానీ కూలి డబ్బులతో పెరిగిన ఇళ్ళకు దాన్ని కొత్తగా నేర్పాలా? సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1990లలో, నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు నడిపారు. మన అమ్మలూ అదే దారిన నడిచారు. అది నోటి దగ్గర ఆపుకున్న రూపాయి.

మాలో ఒకడు మొదటి జీతం నుంచీ ప్రతి పైసా ఇంటికే పంపాడు. అప్పు తీర్చాడు, చెల్లెలి పెళ్ళి చేశాడు. నాన్నను ఒక్కసారి తిరుపతి తీసుకెళ్ళాలని నాలుగేళ్ళు అనుకుంటూనే ఉన్నాడు. డబ్బు సమకూరేసరికి నాన్న లేడు. ఈ పొదుపును మేము మెచ్చుకోలేకపోతున్నాం. అలాగని ఉద్యోగం వచ్చిన మూడో నెలలోనే వాయిదాల మీద బండి కొని, ఉద్యోగం పోయాక తమ్ముడి ఫీజుకు చేయి చాచినవాణ్ణీ సమర్థించలేం.

మన పక్కనే కంభం చెరువుంది. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కట్ట, వందల ఏళ్ళ నాటిది. 2020లో దానికి అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. కట్ట కట్టినవాళ్ళే తూములూ పెట్టారు. పైరుకు అదనులో వదలని నీళ్ళు ఎన్ని ఉంటే ఏం లాభం?

అందుకే మా లెక్క ఇది. జీతం రాగానే ముందు పోస్టాఫీసు ఆర్‌.డి. కట్టాలి. నెలకు వంద చాలు. 2023 అక్టోబరులో వచ్చిన 6.7 శాతం వడ్డీ ప్రకారం అయిదేళ్ళలో కట్టిన 6,000 రూపాయలు సుమారు 7,130 అవుతాయి. తక్కువే, కానీ ఎక్కడికీ పోవు. ఎక్కువ వడ్డీ ఆశతో అగ్రిగోల్డ్‌లో కట్టిన సుమారు 32 లక్షల మందిలో మన ఊళ్ళవాళ్ళ వంటి కూలీలూ, చిరువ్యాపారులూ ఎందరో. తర్వాత ఇంటికి పంపాలి. ఆపైన కొంచెమైనా, ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని డబ్బు మన దగ్గర ఉంచుకోవాలి. సినిమాకో, కొత్త చొక్కాకో, నాన్న తిరుపతి ప్రయాణానికో.

వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పిల్లలకు ఆర్‌.డి. ఫారాలు పంచుతాం. ఆ సాయంత్రం బజ్జీలు కూడా మా ఖర్చే.