గాలికి కళ్లెం

1966 జనవరి 25. అమెరికాలోని న్యూమెక్సికో గగనతలం. సుమారు 78 వేల అడుగుల ఎత్తున పరీక్షక పైలట్ బిల్ వీవర్ ఎస్‌ఆర్-71 గూఢచారి విమానాన్ని ధ్వనివేగానికి మూడు రెట్లు మించిన వేగంతో కుడివైపుకు మలుపు తిప్పుతున్నాడు. వెనుక సీటులో జిమ్ జ్వేయర్ ఉన్నాడు. ఉన్నట్టుండి కుడి ఇంజనుకు గాలినందించే ద్వారం మొరాయించింది. రెండు మూడు సెకన్లలో విమానం ముక్కచెక్కలయింది.

జెట్ ఇంజను లోపలి రెక్కలు ధ్వనిని మించి దూసుకువచ్చే గాలిని భరించలేవు. ఇంజను గడప తొక్కేలోగా ఆ గాలి వేగం ధ్వనివేగంలో సగం దరిదాపులకు దిగాలి. దానిని దింపేవి ఆఘాత తరంగాలు. అతి పలుచని పొరలో గాలి పీడనం ఒక్కసారిగా హెచ్చి, వేగం పడిపోవడమే ఆఘాత తరంగం. అయితే గాలికి అడ్డంగా ఒకే ఒక నిలువు తరంగాన్ని నిలిపితే, మూడు రెట్ల వేగం వద్ద ఇంజనుకు దక్కవలసిన పీడనంలో మూడింట రెండు వంతులు వృథా అవుతుంది. అందుచేత ద్వారం నడుమ మొనదేలిన శంకువును అమర్చారు. దాని కొననుంచి వాలు తరంగం బయలుదేరుతుంది. ద్వారం లోపల మరికొన్ని వాలు తరంగాలు గోడకు తగిలి శంకువు మీదికీ, అక్కడినుంచి తిరిగి గోడకూ పరావర్తనం చెందుతాయి. తాకినచోటల్లా గాలి కొంత నెమ్మదిస్తుంది. నష్టం మాత్రం స్వల్పం. చివరకు ద్వారపు గొంతువద్ద బలహీనమైన నిలువు తరంగమొకటి మిగులుతుంది. మేడ మీదనుంచి దూకడానికీ మెట్లు దిగడానికీ ఉన్న తేడా ఇది.

వేగం మారితే తరంగాల వాలు మారుతుంది. కనుక శంకువూ కదలాలి. వేగం ధ్వనికి 1.6 రెట్ల నుంచి 3.2 రెట్లకు పెరిగేసరికి అది 26 అంగుళాలు వెనక్కు జరుగుతుంది. 2025 వరకు భారత వైమానిక దళంలో సేవచేసిన మిగ్-21 ముక్కున కనిపించే శంకువు పని కూడా ఇటువంటిదే. కాని దాని వాలు తరంగాలు ద్వారం వెలుపలే ఏర్పడేవి.

ఎస్‌ఆర్-71లో పేచీ అంతా గొంతువద్ద నిలిచిన ఆ చివరి తరంగానిదే. లోపలి పీడనం హద్దు మీరితే అది ఎగదన్నుకుని బయటికి వచ్చేస్తుంది. పైలట్లు దీనిని 'అన్‌స్టార్ట్' అనేవారు. ఆ వైపు తోపుడు బలం కుప్పకూలి, విమానం అటే గిరుక్కున తిరుగుతుంది. వీవర్‌కు జరిగినదిదే. పైగా ఆనాటి పరీక్షకోసం విమానపు గురుత్వ కేంద్రాన్ని వెనక్కు జరిపి ఉంచినందున స్థిరత్వం అసలే తక్కువ. 1980ల ప్రథమార్ధంలో కంప్యూటర్ నియంత్రణ వచ్చాక గాని ఈ బెడద బాగా తగ్గలేదు.

జ్వేయర్ మరణించాడు. వీవర్ సీటుతో బయటపడే ప్రయత్నమే చేయలేదు. విరిగిన విమానం అతడిని ఆకాశంలోకి విసిరివేసింది. పీడనాన్ని నిలిపే దుస్తులు, పారాచూటు అతడి ప్రాణం నిలిపాయి. రెండు వారాలకే అతడు మరల ఎస్‌ఆర్-71 నడిపాడు.