ఇంటి మరమ్మతునకు సర్కారు సాయము

తొలకరి పడినంతనే ఇంటికప్పు వంక చూడని గృహిణి యుండదు. కారినచోట గిన్నె నుంచుట, బియ్యపుమూటను గదినుండి గదికి మార్చుట ఆమె పాలిటి పనియే. ఈ కప్పు బాగుచేయించుకొనుటకు ప్రభుత్వమువారేమైన నిత్తురా యని పలువురు సోదరీమణు లడుగుచుందురు. ఇత్తురు గాని, వారి చేయి మరమ్మతుకంటె క్రొత్త కట్టడమునకే ధారాళము.

పూర్వమిట్లు లేదు. ఇందిరా ఆవాస యోజనలో 1999-2000 నుండి నిధులలో నూటికి 20 వంతులవరకు కచ్చా యిండ్లను బాగుచేయుటకు ప్రత్యేకించిరి. 2008 నాటి కా సాయము ఇంటికి 15,000 రూపాయలు. 2016లో దాని స్థానమున గ్రామములకు ప్రధానమంత్రి ఆవాస యోజన వచ్చినది. మైదానములలో 1,20,000, కొండ ప్రాంతములలో 1,30,000 రూపాయల చొప్పున నిత్తురు. కాని అది 25 చదరపు మీటర్లకు తగ్గని క్రొత్త యింటికే. గోడలు గట్టిగనుండి కప్పు మాత్రము చెడిన పేదరాలికి దానివలన నేమి లాభము? ఇది మాకు సమంజసముగ తోచదు.

ఇక అర్హత. అసలు ఇల్లు లేనివారు, రెండు గదులకు మించని కచ్చా గోడలు, కచ్చా కప్పు గలవారు దీనికి పాత్రులు. కచ్చా యన నేమియో తెలిసికొనవలయును. తాటాకు, పూరి, చేతితో చేసిన గూనపెంకు కచ్చా కప్పులే. యంత్రముతో చేసిన బెంగుళూరుపెంకు వేసినచో అది పక్కా కప్పుగ లెక్కకు వచ్చును. పైనుండి నీరు కారుచున్నను లెక్క మారదు!

ఇంటిలో శీతలయంత్ర మున్నచో తొలగించువిధి యొకటి యుండెడిది. మోటారు సైకిలున్నను అంతే. 2024లో ఈ రెంటిని ఎత్తివేసి, నెల యాదాయపు హద్దును 10,000 నుండి 15,000 రూపాయలకు పెంచిరి. ఆ పాత విధివలన మునుపు పేరు తప్పినవారు మరల విచారించుకొనుట మంచిది. ఆదాయపుపన్ను కట్టువారికి, ప్రభుత్వోద్యోగులున్న కుటుంబములకు మాత్ర మిప్పటికిని లేదు.

పట్టణములలో 2015లో మొదలైన పథకమున 21 చదరపు మీటర్లకు లోబడిన చిన్న యింటికి గదియో, వంటయిల్లో చేర్చుకొనుటకును సాయ మొసగిరి. అందుకు కనీసము 9 చదరపు మీటర్లు పెంచవలసియుండెను. సున్నము వేయించుటకు, నేల చేయించుటకు అందులోను చోటులేదు. 2024 సెప్టెంబరులో ఆరంభమైన రెండవ విడతలో కుటుంబమనగా భర్త, భార్య, పెండ్లికాని బిడ్డలు. వీరిలో నెవరికిని దేశమున నెచ్చటను పక్కాయిల్లు ఉండరాదు. గత 20 సంవత్సరములలో ఏ సర్కారు పథకముననైన ఇల్లు పొందియుండరాదు.

మేము ముఖ్యముగ చెప్పదలచినది కాగితముల మాట. ఈ పథకములలో ఇల్లు స్త్రీపేరనో, భార్యాభర్తల యిరువురి పేరనో ఉండవలయునని నియమము. వినుటకు బాగున్నది. కాని మన యిండ్లలో స్థలము మామగారి పేరనే యుండును. ఆయన గతించి ఇరువదియేండ్లైనను ఇంటిపన్ను రసీదుపై ఆ పేరే. భర్త బ్రతికియున్నంతకాలము దానిని మార్పించుమని ఏ కోడలడుగును? అడిగిన నోరు మంచిదికాదందురు. తీరా అతడు పోయినపిమ్మట మరుదులు వచ్చి, నీకిందేమున్నదందురు.

ఉన్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించిన భర్త యాస్తిలో భార్య మొదటి తరగతి వారసురాలు. మామగారికంటె ముందే భర్త గతించినను, మామగారు వీలునామా లేక పోయినచో, ఆ వితంతువు ఆయన యాస్తిలోను మొదటి తరగతి వారసురాలే. కావున తహశీల్దారు కచేరిలో కుటుంబసభ్యుల ధ్రువపత్రము తీసికొని, పంచాయతీలో పన్నుపేరు మార్పించుకొనవలయును. సాయము వచ్చినపుడు చూతమనుకొన్నచో జాబితా ముందే ముగిసిపోవును.

ఆ జాబితాను గ్రామసభలో చదివి పరిశీలింతురు. అక్కడికి మగవారే పోవుట మన వాడుక. పేరు తప్పినదని చెప్పుకొనుటకు అదే తావు గనుక, ఇరుగమ్మను పొరుగమ్మను వెంటబెట్టుకొని మీరే పొండు. పన్ను రసీదు కొంగున ముడివేసికొని పొండు.