నేలకు బొగ్గు, లాభం ఎవరికి?

వాతావరణ మార్పు అనగానే మనకు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, లారీలు గుర్తుకొస్తాయి. పొలం గుర్తుకు రాదు. కానీ రైతు చల్లిన యూరియాలో కొంత భాగం పైరుకు అందకుండా నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా మారి గాలిలో కలుస్తోంది. బరువుకు బరువు పోల్చి వందేళ్ల లెక్కన చూస్తే, ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఓజోన్ పొరనూ దెబ్బతీస్తుంది.

45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. నేలకు వేసిన నత్రజనిలో సగటున ఒక శాతం ఇలా పోతుందని అంతర్జాతీయంగా లెక్క కడతారు. శాతం చిన్నదే. అయితే మన దేశం ఏటా 3.5 కోట్ల టన్నులకు పైగా యూరియా వాడుతోంది.

ఆమ్ల నేలల్లో మరో చిక్కు ఉంది. వాన పడి నేల తడిసి, లోపల గాలి తగ్గినప్పుడు సూక్ష్మజీవులు నైట్రేటును మెట్టు మెట్టుగా వాయువుగా మారుస్తాయి. చివరి మెట్టులో నైట్రస్ ఆక్సైడ్ కాస్తా మామూలు నత్రజని వాయువు అవుతుంది. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే, దానివల్ల హాని లేదు. ఆ చివరి మెట్టుకు కావలసిన ఎంజైము ఆమ్ల నేలలో సరిగా తయారు కాదు. పని సగంలో ఆగి, హానికరమైన వాయువే బయటికొస్తుంది.

ఒడిశా సాగుభూమిలో దాదాపు 70 శాతం ఆమ్ల నేలలే. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో తరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు, వారి పొరుగున ఉన్న ఆదివాసీ రైతులకు ఇది సొంత విషయం.

ఇక్కడే బయోచార్ మాట వినిపిస్తోంది. కంది కట్టె, పత్తి కట్టె, వరి ఊక వంటివాటిని గాలి సరిగా ఆడకుండా కాల్చి చేసే బొగ్గు ఇది. నేలలో కలిపితే ఆమ్ల గుణం తగ్గుతుంది, ఆగిన చివరి మెట్టు మళ్లీ సాగుతుంది. అనేక దేశాల ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షల్లో నైట్రస్ ఆక్సైడ్ తగ్గినట్టు తేలింది. అయితే ప్రయోగశాలలో తగ్గినంతగా పొలంలో తగ్గలేదు. కాలం గడిచే కొద్దీ ఆ ప్రభావం పలచబడిన చోట్లూ ఉన్నాయి. క్షార గుణం ఎక్కువగా ఉన్న బొగ్గు వేసి, పైపైన యూరియా చల్లితే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోవచ్చు. కాబట్టి దీన్ని సర్వరోగ నివారిణిగా చెప్పేవారిని నమ్మవద్దు.

మేము అడిగే ప్రశ్న మరొకటి. దీని లాభం ఎవరికి? ఎకరానికి బస్తాలతో సరిపోదు, టన్నుల్లో వేయాలి. వేసిన బొగ్గు దశాబ్దాల పాటు నేలలోనే ఉంటుంది. ఒడిశాలో సాగుభూమిని కౌలుకివ్వడాన్ని చట్టం చాలావరకు నిషేధించింది. అయినా కౌలు సాగుతూనే ఉంది, కాగితం లేకుండా. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని పాలికాపు రెక్కలు ముక్కలు చేసుకుని బొగ్గు వేస్తే, బాగుపడిన నేల భూయజమానిది అవుతుంది.

కంది కట్టె చాలా పేద ఇళ్లలో పొయ్యి కట్టె కూడా. అది కంపెనీల ముడిసరుకైతే వంటకు ఏం మిగులుతుంది? బయోచార్ పేరిట ఇప్పుడు కార్బన్ క్రెడిట్లు అమ్ముడవుతున్నాయి. కట్టె ఏరిన స్త్రీకి, బట్టీ దగ్గర పొగ పీల్చిన కూలికి అందులో వాటా రాసి ఉండాలి.

యువ మిత్రులారా, చేయదగిన పని మన దగ్గరే ఉంది. ముందు మీ ఊరి పొలాలకు మట్టి పరీక్ష చేయించండి. ఉదజని సూచిక 5.5 కంటే తక్కువ ఉంటే సున్నం ఎంత వేయాలో వ్యవసాయ అధికారిని అడగండి. యూరియా ఒకేసారి కుమ్మరించకుండా విడతలుగా వేయమని పెద్దలకు చెప్పండి. బయోచార్‌ను మొదట ఒక మడిలో వేసి, పక్క మడితో పోల్చి చూడండి. ఎవరైనా క్రెడిట్ల ఒప్పందం తెస్తే, సాగు చేసేవారి పేరు అందులో ఉందో లేదో చదివిన తర్వాతే సంతకం పెట్టనివ్వండి.