పరిగె ఏరుకునేవాళ్ళు దొంగలు కారు



క్రిస్మస్ అయిన దగ్గర్నుంచి మన మందిరం వరండాలో భార్యాభర్తలిద్దరు పడుకుంటున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. చిత్తు ఏరుకుని బతుకుతారు. ప్లాస్టిక్ సీసాలు, అట్టపెట్టెలు, ఇనుప ముక్కలు. పోయిన వారం కొందరు మా దగ్గరకు వచ్చి వరండాకు గ్రిల్లు పెట్టించి తాళం వేద్దామన్నారు. మైకు సెట్టు పోతుందట. తాగి పడుకుంటారట. ఒళ్ళు వంచి పని చేయనివాళ్ళట. ఒక సహోదరుడైతే థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక 3వ అధ్యాయం తెరిచి చూపించాడు. ఆ వాక్యం మీద మాకు గౌరవమే. దాన్ని వాడిన చోటు దగ్గరే మా గొడవ.

పౌలు అక్కడ హెచ్చరించింది పని చేయడం ఇష్టం లేక, పరుల జోలికి పోతూ తిరిగేవాళ్ళను. వీళ్ళిద్దరూ తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. మేము ప్రార్థనకు లేచేసరికి బస్తా సగం నిండి ఉంటుంది. దాన్ని బస్టాండు వెనక పాత సామాన్ల కొట్టుకు మోసుకెళ్ళి, రకం రకం వేరు చేసి, తూకం వేయించుకోవాలి. తూకంలో ఎంత పోతుందో వాళ్ళకు తెలుసు, అడిగే ధైర్యం లేదు. చెత్త ఏరేవాళ్ళను గుర్తించి పనిలో కలుపుకోవాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు స్థానిక సంస్థలకు చెప్పాయి. ప్రభుత్వం పని అని ఒప్పుకున్నదాన్ని మనం సోమరితనం అంటున్నాం.

ఇక తాగుడు. ఆయన తాగుతాడు, మేము అబద్ధం చెప్పం. మన సంఘంలో తాగేవాళ్ళ పేర్లూ మాకు తెలుసు. వాళ్ళ ఇళ్ళకు తలుపులున్నాయి, అంతే తేడా. మైకు సెట్టు అంటారా, పోయినేడు పోయిన ఆంప్లిఫయరు వీళ్ళు రాకముందే పోయింది!

పొలాలున్నవాళ్ళు లేవీయకాండం 19వ అధ్యాయం మళ్ళీ చదవండి. చేను అంచుల దాకా కోయవద్దని, పరిగె ఏరుకోవద్దని, తోటలో రాలిన పండ్లు బీదలకూ పరదేశులకూ వదిలేయమని దేవుడు ఆజ్ఞాపించాడు. బుద్ధి పుడితే చేయమనలేదు, చట్టంగా ఇచ్చాడు. రూతు బతికింది ఆ చట్టం మీదే. మోయాబు నుంచి వచ్చిన విధవరాలు, సెంటు భూమి లేదు, మరొకరు వదిలేసిన కంకులే కూడు. బోయజు ఆమెను ఏమీ అనవద్దని పనివాళ్ళకు చెప్పి, పనల్లోంచి కొన్ని కావాలనే జారవిడవమన్నాడు. ఆయన కూడా చేనుకు తాళం వేసుంటే దావీదుకు ముత్తవ్వ ఉండేది కాదు. మన ఊళ్ళో వేరుశనగ పీకిన చేలల్లో, మిరప కోసిన చేలల్లో పరిగె ఏరుకుని పిల్లల్ని పెంచిన తల్లులు ఇప్పుడు మన ముందు వరసలోనే కూర్చుంటారు. వాళ్ళనెవరూ దొంగలనలేదు. చేలో ఏరితే పరిగె, రోడ్డు మీద ఏరితే దొంగతనమా?

ఇల్లు లేనివాళ్ళు పట్నం సమస్య అన్నారు ఇంకొకరు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు సుమారు 17.7 లక్షలు. వాళ్ళలో 8 లక్షలకు పైగా పల్లెల్లోనే ఉన్నారు. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షాటన నిషేధించి, రోడ్ల మీది వాళ్ళను జైలు ఆవరణలోని ఆశ్రమాలకు తరలించినప్పుడు, పెద్దవాళ్ళొస్తే పేదవాళ్ళను దాచేస్తారని మనమే చెప్పుకున్నాం. మన గ్రిల్లు కూడా వచ్చే నెల సువార్త సభలకు బయటి సేవకులు వస్తున్నారనే కదా.

గ్రిల్లు కోసం చందా రాసిన పుస్తకం మా దగ్గర ఉంది. 4,200 రూపాయలు వచ్చాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరి డబ్బు వాళ్ళు తీసుకెళ్ళవచ్చు. తీసుకోని డబ్బుతో రెండు దుప్పట్లు, వరండాకు ఒక బల్బు కొంటాం.