తాళంచెవి ఎవరి చేతిలో?

వస్తువును అమ్మడం వ్యాపారం. అమ్మిన వస్తువుకు బాధ్యత వహించడం ధర్మం. ఈ రెండింటి నడుమ ఉన్న దూరం కంప్యూటర్ పరిశ్రమలో ప్రస్ఫుటంగా గోచరిస్తుంది.

బంజారా హిల్స్ దిగి పంజగుట్ట దాటితే అమీర్‌పేట వస్తుంది. అక్కడి మైత్రీవనం పరిసరాలలోని శిక్షణ సంస్థలకు పల్లెల నుండి ఎందరో విద్యార్థులు తరలివస్తారు. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత అందరికీ ఉండదు. పాత యంత్రమే కొందరికి దిక్కు. ఆ యంత్రంలో అక్షరాన్నీ, బొమ్మనూ తెరపై చూపేది గ్రాఫిక్స్ చిప్పు. దానిని నడిపే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. తగిన డ్రైవర్ లేనప్పుడు, చిప్పు చెడకపోయినా దాని శక్తి వ్యర్థమవుతుంది.

డ్రైవర్ సోర్స్ కోడ్ సంస్థ గుప్పిట్లోనే ఉంటే, సంస్థ విసిగిన నాడే ఆ చిప్పుకు కాలం చెల్లుతుంది. సరకు అమ్ముడైన పిదప కొన్నవారిని మరచిపోవడం ఏరు దాటి తెప్ప తగలేయడమే.

2006లో ఏ.టి.ఐ. సంస్థను కొనుగోలు చేసిన ఏ.ఎం.డి., 2007 సెప్టెంబరులో వేరొక మార్గం ఎంచుకొంది. రేడియాన్ చిప్పుల సాంకేతిక పత్రాలను బహిరంగపరుస్తామనీ, లినక్స్ కోసం ఓపెన్ సోర్స్ డ్రైవర్ నిర్మాణానికి తోడ్పడతామనీ ప్రకటించి, ఆ పత్రాలను విడుదల చేయసాగింది. 2009లో అదే సంస్థ తన సొంత డ్రైవర్ నుండి కొన్ని పాత రేడియాన్ చిప్పులను తొలగించింది. అయినా అవి మూలన పడలేదు. పత్రాలు అందరికీ అందినందువల్ల ఔత్సాహికులు ఓపెన్ సోర్స్ డ్రైవర్‌ను ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి మెరుగుపరిచారు. నిబద్ధత అంటే ఇదే: సంస్థ చేయి వదిలినా వస్తువు బతికే ఏర్పాటు.

ఎన్‌విడియా ఈ దిశగా ఆలస్యంగా కదిలింది. దాని చిప్పుల నడకను బయటి నుండి పరిశీలిస్తూ, ఔత్సాహికులు ‘నూవో’ అనే డ్రైవర్‌ను శ్రమించి రాసుకోవలసి వచ్చింది. 2022 మే నెలలో ఆ సంస్థ లినక్స్ డ్రైవర్‌లోని కెర్నల్ భాగాల కోడ్‌ను విడుదల చేసింది. తక్కిన భాగాలను అప్పుడు బయటపెట్టలేదు. సగం తెరచిన తలుపు మూసిన తలుపు కంటే మేలే. కాని అది పూర్తి ఆహ్వానం కాదు. ఈ రెండు సంస్థలకూ హైదరాబాదులో కార్యాలయాలున్నాయి గనుక ఈ చర్చ మనకు పరాయిది కాదు.

వ్యాపార రహస్యాలు పోటీదారులకు చిక్కుతాయని కొందరి ఆక్షేపణ. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇల్లు కట్టిన విధానమంతా చెప్పమని ఎవరూ అడగడం లేదు. కొన్నవానికి తలుపు తాళంచెవి ఇమ్మంటున్నారు, అంతే.

కనుక విద్యార్థులారా! యంత్రం కొనేటప్పుడు వేగం, వెల మాత్రమే విచారించకండి. తయారుచేసినవారు మరచిన నాడు దీనిని బాగుచేసుకొనే వీలు మనకుందా అని కూడా విచారించండి. ఆ ప్రశ్న పదిమంది నోట వినబడిన నాడే సంస్థల వాగ్దానాలు కార్యరూపం దాలుస్తాయి.