తుప్పు ఫోటోనే ముందు

నా 1966 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ అమ్ముతున్నా. వెనక ఫెండర్ మీద కాస్త, డ్రైవర్ కాళ్ళ దగ్గర రూపాయి బిళ్ళంత తుప్పుంది. "పుట్టీ పెట్టి రంగేయించెయ్ గురూ" అని మావాళ్ళ సలహా. నేనొప్పుకోను. ఫెండర్ తుప్పు చూపుకే లోటు. కానీ పైకప్పు లేని బండికి బలమంతా అడుగునే కదా! తలుపుల కిందుండే రాకర్ ప్యానెళ్ళు తింటే నడుము వంగుతుంది, తలుపులు సరిగ్గా పడవు. ఈ మోడల్‌కి ఇంకో జబ్బు, విండ్‌షీల్డ్ ముందుండే కౌల్ తుప్పుపట్టి నీళ్ళు లోపలికి కారడం. కొనేవాడికి ఇవన్నీ తెలియాలా వద్దా? తెలిసిన బగ్స్ దాచి రిలీజ్ చేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా :) అయినా పుట్టీకి అయస్కాంతం అంటుకోదు, తెలిసినవాడు జేబులో పెట్టుకునే వస్తాడు. అందుకే ప్రకటనలో మొదటి ఫోటో తుప్పుదే పెట్టా. అడుగు చూస్తానంటే ర్యాంప్ ఎక్కించి చూపిస్తా. ఆ తర్వాతే బేరం.