కాలువ, చెరకు, వీరమ్మతల్లి

బెజవాడలో బందరు బస్సెక్కితే దారి మధ్యలో తగిలే ఊరు ఉయ్యూరు. కొండ లేదు, గుట్ట లేదు. ఎటు చూసినా పచ్చటి పొలాలు, పక్కనే పుల్లేరు కాలువ. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా రాత మారింది. జమీందారుల ఏలుబడి చూసిన ఈ ఊరు తర్వాత వరికి, చెరకుకు పేరు పడింది.

1941లో కేసీపీ చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు రైతు, నరికే కూలీ, బండి తోలేవాడు, మిల్లు కార్మికుడు, కిరాణా కొట్టు యజమాని... అందరి బతుకులూ ఆ పొగగొట్టం చుట్టూ అల్లుకున్నాయి.

ఊళ్లో ఎవరెవరున్నారో ఒక్కచోట చూడాలంటే వీరమ్మతల్లి తిరునాళ్లకు రావాల్సిందే. మాఘ శుద్ధ ఏకాదశికి మొదలై పదిహేను రోజులు జరుగుతాయి. అమ్మవారు మెట్టినింటి నుంచి ఊరేగింపుగా గుడికి చేరుతుంది. ఆడవాళ్లు గండదీపాలు మోస్తారు. పదకొండో రోజు శిడిబండి. ఆనాడు శిడిబుట్టలో కూర్చునే పెళ్లికొడుకు వచ్చేది దళితవాడ నుంచే.

చెరకు వేస్తే ఏడాదికిగానీ డబ్బు కళ్లజూడలేరు. నరకడానికి కూలీలు దొరకరు. అందుకే చాలామంది రైతులు వరికి మళ్లారు. వరి కోతకు యంత్రం ఒక్కటి చాలు. చెరకు మాత్రం నాలుగు వాడల చేతులు పడితేగానీ ఫ్యాక్టరీ గేటు దాటదు. తోటలు తగ్గితే తగ్గేది పంచదార ఒక్కటే కాదు. తిరునాళ్లయ్యాక కూడా ఊరిని కలిపి ఉంచే పని తగ్గిపోతుంది.